మైనస్ ముప్ఫైలో మొహమాటం

మిన్నెసోటా జంట నగరాల్లో, మా స్కౌట్ ట్రూప్‌కు పిల్లల్ని పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర జనవరి శిబిరం మాట రాగానే ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. పులిహోర గిన్నె పట్టుకుని నిలబడిన ఒకావిడ, "చెత్తబుట్ట వీధిలో పెట్టి వచ్చేసరికే నాకు ముక్కు ఊడిపోయినట్టుంటుంది, పిల్లల్ని అడవిలో మంచు మీద పడుకోబెడతారా?" అన్నారు. "ఏడు సముద్రాలు దాటి వచ్చింది ఇందుకా!" అని ఇంకొకాయన అందుకున్నారు. అందరూ నవ్వారు, ఆ తర్వాత అందరూ నా వైపు చూశారు. ట్రూప్‌లో సహాయ స్కౌట్‌మాస్టర్‌ని నేనే కదా, ఏదో ఒకటి చెబుతానని. నేను గారె నములుతూ తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలియదు. మర్నాటికి మన పిల్లలు తొమ్మిది మందిలో నలుగురి పేర్లు వెనక్కి తీసుకున్నట్టు కబురు వచ్చింది.

చెప్పవలసింది అక్కడే చెప్పి ఉండాలి. పిలిచి భోజనం పెట్టినవాళ్ల ఇంట్లో, పళ్లెం చేతిలో ఉండగా వాదన పెట్టుకోవడం ఏం బాగుంటుందని మొహమాటపడ్డాను. ఈ లేఖ ఆ మొహమాటం గురించే. చలి గురించి కూడా రాస్తాను గానీ, నా లెక్కలో అది రెండో ప్రమాదం.

ముందుగా ఒక మాట ఒప్పుకుంటాను. మీ భయం ఊరికే పుట్టలేదు. మనం ఉంటున్న ఈ రాష్ట్రంలోనే, 1996 ఫిబ్రవరి 2న, టవర్ అనే ఊరి దగ్గర మైనస్ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. సెంటీగ్రేడులో మైనస్ 51. (మైనస్ 40 దగ్గర ఈ రెండు కొలతలూ ఒక్కటైపోతాయి. అక్కడికి చేరాక ఏ దేశపు థర్మామీటరు చూసుకున్నా ఒకటే.) 2019 జనవరి 30 తెల్లవారుజామున మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే సెంటీగ్రేడులో మైనస్ 33. ఆ రోజు తపాలా శాఖ కూడా ఉత్తరాలు పంచడం మానుకుంది. మనం వచ్చిన చోట, లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుంటే పత్రికల్లో ఫోటో వేస్తారు. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది, బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. ఆ పేరు పెట్టినవాళ్లు ఇక్కడి ఉత్తరపు అడవుల్లో ఒక్క రాత్రి గడిపితే ఇంకేం పేరు పెట్టేవాళ్లో!

గాలి తోడైతే సంగతి ఇంకా మారుతుంది. సున్నా ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు గంటకు 15 మైళ్ల గాలి వీస్తే ఒంటికి అది మైనస్ 19గా తగులుతుంది. ముక్కూ చెవులూ కప్పుకోకుండా అరగంట నిలబడితే చర్మం గడ్డకట్టడం మొదలవుతుంది. ఇదంతా మాకు తెలుసు. అందుకే గాలి లెక్క మా హద్దు దాటితే గుడారాలు లేవు, కట్టెల పొయ్యి ఉన్న క్యాబిన్‌లోనే పడక. ఆ నిర్ణయం బయలుదేరే రోజు ఉదయం వాతావరణ సూచన చూసి తీసుకుంటాం. దాని మీద బేరాలు ఉండవు.

ఇది మా ట్రూప్ కనిపెట్టిన పిచ్చి కూడా కాదు. రాష్ట్రానికి ఉత్తరాన ఈలీ అనే ఊరి దగ్గర, మూస్ లేక్ ఒడ్డున స్కౌట్లకు నార్తర్న్ టయర్ అనే పెద్ద స్థావరం ఉంది. వేసవిలో పడవ ప్రయాణాలు, చలికాలంలో ఓక్పిక్ అనే శిబిరం. ఓక్పిక్ అంటే ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ భాషలో మంచు గుడ్లగూబ. మేము వెళ్లేది అక్కడికి కాదు, ఇంకొంచెం ఇవతలి అడవికి. పద్ధతులు మాత్రం చాలావరకు అక్కడివే.

ఇక "మనవాళ్ల ఒంటికి చలి పడదు" అన్న వాదన. నిజామాబాద్ జిల్లా నుంచి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్, ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్ల రక్తం మన రక్తం కంటే వేడిగా ఏమీ లేదు. ముందు భువనగిరి గుట్ట మీద, తర్వాత డార్జిలింగ్‌లో, ఆ తర్వాత లద్దాఖ్ చలిలో నెలల తరబడి నేర్పారు, నేర్చుకున్నారు. ఆ మాట అంతటితో వదిలేద్దాం.

అసలు విషయానికి వస్తాను. పోయిన ఏడాది శిబిరంలో చలి దెబ్బ తగలబోయింది ఇద్దరికి. ఒకడు మన తెలుగు పిల్లవాడు, పన్నెండేళ్లవాడు. రెండోవాణ్ణి నేను.

నా సంగతి ముందు. శనివారం మధ్యాహ్నం పిల్లలు క్విన్‌జీ, అంటే పడుకోవడానికి మంచు గుహ, కడుతున్నారు. మంచును మనిషెత్తు కుప్పగా పోసి, రెండు గంటలు కదపకుండా వదిలేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. అప్పుడు చుట్టూ అడుగు పొడవు పుల్లలు గుచ్చి, లోపలి నుంచి తవ్వుతారు. పుల్ల కొన కనిపించిన చోట చెయ్యి ఆపాలి, గోడ మందం అంతే ఉండాలి. పైన గాలికి ఒక కన్నం. లోపల ఒకడు తవ్వుతుంటే, కూలితే లాగడానికి బయట ఒకడు కాపలా ఉండాలి. బయట సెంటీగ్రేడులో మైనస్ ముప్ఫై ఉన్నా లోపల సున్నాకు దగ్గర్లో ఉంటుంది, కొవ్వొత్తి వెలుగులో గోడలు పాలరాయిలా మెరుస్తాయి. చూస్తే తప్ప నమ్మలేరు. పిల్లలు పారలు పట్టుకుని నిలబడితే నాకు చేతులు ఊరుకోలేదు. గంటసేపు మంచు ఎత్తిపోశాను. ఒళ్లు వేడెక్కింది, చెమట పట్టింది, నలభై ఆరేళ్ల వయసులో భలే పని చేశాననిపించింది.

ఇక్కడ సిగ్గు విడిచి చెప్పవలసిన విషయం ఒకటుంది. అన్ని పొరల కింద, ఒంటికి అంటుకుని, నేను నూలు బనియన్ వేసుకున్నాను. పిల్లలకు నాలుగు వారాలు క్లాసు పీకింది నేనే. నూలు చెమట పీల్చుకుని వదలదు, తడిసిన నూలు ఒంట్లో వేడిని లాగేస్తుంది, ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది అని. మన గొల్లకురుమల గొంగడి వానలోనూ చలిలోనూ ఎందుకు పనికొస్తుందో కూడా వివరించాను. కానీ ఇన్నేళ్లుగా అమెరికాలో ఉన్నా, బనియన్ లేకుండా చొక్కా తొడుక్కోవడం నాకు చేతకాదు.

ఐదు కాకముందే సూర్యుడు వెళ్లిపోయాడు. పార పక్కన పెట్టిన పావుగంటకు బనియన్ వీపు మీద మంచు పలకలా తగిలింది. వణుకు పుట్టింది. స్కౌట్‌మాస్టర్ అటుగా వెళుతూ అంతా బాగేనా అని అడిగారు. బాగే అన్నాను. ఆయనకు వంద పనులున్నాయి, ఇంతమందిలో నేనొకణ్ణి చలేస్తోందని చెప్పడం ఏమిటి? ఇంకోసారి అడిగారు. మళ్లీ బాగే అన్నాను. రాత్రి భోజనాల దగ్గర మా పెట్రోల్ లీడరు (ట్రూప్‌లోని పిల్లల చిన్న జట్టును పెట్రోల్ అంటారు), పద్నాలుగేళ్ల కుర్రాడు, నా ముందుకొచ్చి నిలబడి, "మీరు చెంచా రెండుసార్లు జారవిడిచారు. మాట ముద్దగా వస్తోంది. లేచి నాతో రండి" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. క్యాబిన్‌లోకి తీసుకెళ్లి తడి బట్టలు మార్పించి, చక్కెర కలిపిన వేడినీళ్లు రెండు కప్పులు ముందు పెట్టి, తాగేదాకా కదల్లేదు.

ఆ కుర్రాడు చూసినవి మేమే నేర్పిన గుర్తులు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెంటీగ్రేడు వైపు దిగుతున్నకొద్దీ మనిషి తూలుతాడు, గొణుగుతాడు, చేతిలోవి జారవిడుస్తాడు, సణుగుతాడు. వణుకు ఉన్నంతసేపూ ఒళ్లు పోరాడుతున్నట్టే. వేడెక్కకుండానే వణుకు ఆగిపోతే అప్పుడు నిజంగా భయపడాలి. (సణగడాన్ని నా విషయంలో గుర్తుగా లెక్కించకూడదని మా ఆవిడ అభిప్రాయం.)

అదే రాత్రి, పడుకోబోయే ముందు సాక్సుల తనిఖీ చేశాం. రోజంతా వేసుకున్న ప్రతి బట్టా విప్పి పొడివి వేసుకోవాలన్నది నియమం. మన పిల్లవాడొకడు బూటు విప్పడానికి తటపటాయించాడు. విప్పితే సాక్సు పిండితే నీళ్లు కారేలా ఉంది. మధ్యాహ్నం నాలుగింటికి బురదమంచులో కాలు దిగబడిందట. కాలివేళ్ల కొనలు మైనంలా తెల్లగా, గిల్లితే తెలియకుండా ఉన్నాయి. రుద్దలేదు, మంటకు దగ్గరగా పెట్టలేదు, ఆ రెండూ చెయ్యకూడదు. వెచ్చటి గదిలో పొడి అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాం. అరగంటకు ఎర్రదనం తిరిగొచ్చింది, దానితో పాటు మంటా, ఏడుపూ వచ్చాయి. ఆ ఏడుపు విని నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే ఈ లేఖ వేరేలా ఉండేది.

ఎందుకు చెప్పలేదురా అని అడిగాను. "మీరందరూ పనిలో ఉన్నారు కదా అంకుల్" అన్నాడు. వాడికి జతగా ఉన్న కుర్రాడు రెండుసార్లు అడిగాడట, రెండుసార్లూ బాగానే ఉన్నానన్నాడట. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లవాడు. తెలుగు సరిగ్గా రాదు. మొహమాటం మాత్రం స్వచ్ఛమైన తెలుగులో వచ్చింది. (వాళ్ల అమ్మానాన్నలకు ఆ రాత్రే చెప్పాం. వాళ్లు ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాను. ఆ పిల్లవాడు ఈసారి జాబితాలో పేరు మొదటగా రాయించుకున్నాడు.)

మొహమాటానికి ఇంగ్లీషులో సరైన మాట లేదు. నేను మా స్కౌట్‌మాస్టర్‌కు వివరించడానికి ప్రయత్నించి విఫలమయ్యాను. సిగ్గు కాదు, బిడియం కాదు, మర్యాద కాదు, మూడూ కొంచెం కొంచెం. ఎవరింటికైనా వెళితే ఏదీ అడగకూడదని నేర్పుతాం. ఆకలేసినా ముందు వద్దనాలి, మూడోసారి బతిమాలితే తీసుకోవాలి. కడుపు నిండినా పెద్దమ్మ వడ్డిస్తే కాదనకూడదు. ఒంట్లో బాగాలేదని నలుగురిలో చెప్పకూడదు. ఇలా పెంచితేనే "ఎంత బుద్ధిమంతుడో" అంటారు. ఆ మాట కోసం మనం ఏం చేయమో చెప్పండి. నేనూ అలాగే పెరిగాను, నా కొడుకునూ అలాగే పెంచాను. ఇంట్లో, పెళ్లిలో, ఆఫీసులో దీనితో బతుకు గడిచిపోతుంది, కొన్నిసార్లు హాయిగా కూడా గడుస్తుంది. మైనస్ ముప్ఫైలో గడవదు. అక్కడి ఏర్పాట్లన్నీ ఒకే ఒక్కదాని మీద నిలబడి ఉన్నాయి, పిల్లవాడు నోరు తెరిచి "నాకు కాళ్లు తెలియడం లేదు" అని చెప్పడం మీద. జాకెట్టు ఎన్ని వందల డాలర్లదైనా ఆ మాట అది చెప్పదు.

మిగతా పిల్లలు మనవాళ్ల కంటే గొప్పవాళ్లని అనడం లేదు. వాళ్ల జబ్బు వాళ్లకుంది, దాని పేరు గొప్పలు. టోపీ లేకుండా తిరగడం, చేతి తొడుగులు విప్పి పందేలు కాయడం. కొన్ని చోట్ల సున్నా ఫారెన్‌హీట్ కంటే తక్కువలో బయట పడుకున్నవారికి "జీరో హీరో" అనే గుడ్డ బ్యాడ్జీ ఇస్తారు. పిల్లలకు దాని మీద మహా మోజు. దాని కోసం అర్ధరాత్రి చలేస్తున్నా లోపలికి రానివాణ్ణి చూశాను. మా ట్రూప్ కమిటీకి నేను విడిగా రాశాను. ఆ బ్యాడ్జీ ఇస్తే ఇవ్వండి, కానీ రాత్రి రెండింటికి లేచి "నావల్ల కావడం లేదు" అని క్యాబిన్‌లోకి వచ్చినవాడికి కూడా అదే ఇవ్వండి అని. కమిటీ ఇంకా ఆలోచిస్తోంది. ఈ విషయంలో మీరూ ఒక మాట వేస్తే బాగుంటుంది. వేయడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు మిమ్మల్ని అడగవలసినవి.

ఆరోగ్య పత్రం నిజాయితీగా నింపండి. పోయిన ఏడాది మన పిల్లల పత్రాల్లో ఒక్కదానిలోనూ ఉబ్బసం లేదు. శిబిరంలో మాత్రం రెండు ఇన్‌హేలర్లు సంచుల అడుగున దొరికాయి. చల్లగాలి ఉబ్బసాన్ని రేపుతుంది, ఇన్‌హేలర్ గడ్డకడితే సరిగ్గా పనిచేయదు, దాన్ని చొక్కా లోపలి జేబులో ఉంచాలి. అది ఉందని మాకు తెలిస్తేనే కదా ఉంచమని చెబుతాం. నిద్రలో పక్క తడిపే అలవాటు ఉంటే అదీ చెప్పండి, నాతో ఒక్కడితోనే చెప్పండి చాలు. స్లీపింగ్ బ్యాగు తడిస్తే ఆ చలిలో అదేమీ చిన్న విషయం కాదు. పిల్లవాడి పరువు పోకుండా చూసే పద్ధతులు మా దగ్గర ఉన్నాయి. "నలుగురికీ తెలుస్తుందేమో" అన్న మీ మొహమాటం పిల్లవాడి మొహమాటం కంటే పెద్దది, కోపం తెచ్చుకోకండి.

"నేనూ వచ్చి మావాడి పక్కన పడుకుంటాను" అని ముగ్గురు అడిగారు. రండి, తప్పకుండా రండి, వంటకు చేతులు కావాలి. పక్కన పడుకోవడం మాత్రం కుదరదు. పెద్దలు వేరు, పిల్లలు వేరు, ఇది పిల్లల రక్షణ కోసం సంస్థ పెట్టిన నియమం. రాత్రి ఇద్దరు పెద్దలు వంతులవారీగా మేలుకుని తిరుగుతూనే ఉంటారు. గుడారంలో చిన్న హీటరు పెడితే ఏమవుతుందని ఇంకొకరు అడిగారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గుడారంలో ఏ మంటా ఉండకూడదు, అగరుబత్తి కూడా. సరస్సు మీద నడక గురించి అడిగినవారికి: రాష్ట్ర సహజ వనరుల శాఖ చెప్పేది నడవడానికి కనీసం నాలుగు అంగుళాల గట్టి మంచు. మేము బెజ్జం వేసి కొలిచాకే అడుగు పెడతాం.

తిండి దగ్గర మాత్రం మీ చేతులు కట్టేయను. చలిలో ఒళ్లు కొలిమిలా మండుతుంది, దానికి కొవ్వు కావాలి. పడుకునే ముందు నెయ్యి దట్టంగా ఉన్నది ఏదైనా ఒకటి తింటే తెల్లవారే దాకా కాళ్లు వెచ్చగా ఉంటాయి. ఇన్నేళ్లూ పిల్లలకు నెయ్యి వద్దని వారించిన డాక్టరు బంధువులు ఆ రెండు రాత్రులూ దయచేసి ఊరుకోవాలి. పోయినసారి మా ఆవిడ సున్నుండలు ఇచ్చి పంపింది. సంచిలో ఉంచితే తెల్లారేసరికి క్రికెట్ బంతులయ్యాయి, ఒకటి నిజంగానే బౌలింగ్ చేశారు. ఈసారి జాకెట్టు లోపల పెట్టుకోమని చెప్పండి. నీళ్ల సీసా తలకిందులుగా ఉంచాలని కూడా. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీరు మిగులుతుంది.

బట్టల జాబితా విడిగా పంపాను, అందులో నూలు అన్న మాట ఎక్కడా కనిపించదు. కొత్తగా కొనవలసినవి తక్కువే, స్లీపింగ్ బ్యాగులు ట్రూప్ దగ్గర అరువుకు ఉన్నాయి. తాతగారి మంకీ క్యాప్ ఇంట్లో ఉంటే పంపండి. నవ్వుతారని మనవాళ్లు దాన్ని దాచుకుంటారు. పోయిన ఏడాది మొదటి రాత్రి గడిచాక ఒక పెట్రోల్ మొత్తం ఆ ఒక్క టోపీ కోసం వంతులు వేసుకుంది.

శిబిరం సంక్రాంతి వారం తర్వాత పడింది, పండగకు ఇబ్బంది లేదు. అంతకు ముందు, భోగి ముందు శనివారం సాయంత్రం ఆరింటికి, మా పెరట్లో ఒక రాత్రి పరీక్షగా పడుకుంటున్నాం. ఇంటి తలుపు తీసే ఉంటుంది, లోపల మీకు కాఫీ ఉంటుంది. పేర్లు వెనక్కి తీసుకున్న నలుగురూ ఆ ఒక్క రాత్రికి రండి, ఆ తర్వాత మీ ఇష్టం. పిల్లలకు ఆ సాయంత్రం ఒకటే పరీక్ష. ప్రతి గంటకూ ఒకసారి జత కుర్రాడికి తన ఒంట్లో ఏది బాగాలేదో ఒకటి చెప్పాలి. బాగానే ఉన్నాను అన్న జవాబు చెల్లదు. మెడ దగ్గర దురద అని చెప్పినా సరే, చెప్పాలి. తలుపు తీసుకుని లోపలికి వచ్చిన పిల్లవాణ్ణి చూసి, "అయ్యో, అప్పుడే వచ్చేశావా?" అని మాత్రం అనకండి. ఏమీ అనకుండా కాస్త పక్కకు జరిగి చోటివ్వండి.

నా బనియన్ల సంగతి: ఆ రాత్రికి వాటిని తీసి బీరువాలో పెట్టి తాళం మా ఆవిడకు ఇస్తాను. పెట్రోల్ లీడరు స్వయంగా వచ్చి తనిఖీ చేస్తానన్నాడు.

ఇట్లు,
మీలో ఒకడైన సహాయ స్కౌట్‌మాస్టర్